సరుకు చేతులు మారే చోటే అసలు కథ

"కాలువ పడవల్ని రైలు మింగేసింది, గూడ్స్ రైలుని లారీ మింగేసింది, ప్రయాణికుల ఓడల్ని విమానం మింగేసింది అని చదువుకున్నాం. అంతా వేగం మహిమేనా? మన తెలుగు జిల్లాల్లో అసలేం జరిగింది? కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా పాత కాలువల్ని మళ్ళీ జలమార్గంగా తెరుస్తామంటున్నారు, అది నడుస్తుందా?" మీరు అడిగింది క్లుప్తంగా ఇదే కదా.

నేను రైల్వేలో గూడ్స్ షెడ్ల వైపు పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇంజన్ల గురించి, సిగ్నళ్ళ గురించి నాకన్నా బాగా చెప్పగలిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చూసిందల్లా బస్తాలు, వాటిని మోసే హమాలీలు, "తరుగొచ్చింది సార్" అంటూ కాగితాలు పట్టుకొచ్చే వ్యాపారులు. అక్కడ నిలబడి చూస్తే ఈ చరిత్ర పుస్తకాల్లో ఉన్నట్టు కనిపించదు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. సరుకు రవాణాలో వేగం రెండో సంగతి. ధాన్యం బస్తాకి టైమైపోతోందన్న టెన్షన్ ఉండదు. దాన్ని దారిలో ఎన్నిసార్లు దించి మళ్ళీ ఎక్కించాలన్నదే అసలు లెక్క. దించిన ప్రతిసారీ కూలీ ఇవ్వాలి, తరుగు భరించాలి, చేతివాటానికి కాపలా పెట్టాలి, వానకి భయపడాలి, కనీసం ఒక రోజు పోగొట్టుకోవాలి. ఈ దించుడూ ఎక్కించుడూ ఒక్కసారైనా తగ్గించగలిగిన రవాణా నిలబడింది. తగ్గించలేనిది ఎంత చవకైనా పక్కకి పోయింది. మనుషుల ప్రయాణం వేరే లెక్క, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

రైలుకి ముందు రోజుల నుంచి మొదలుపెడదాం. ఉప్పు కోస్తాలో పండుతుంది, లోపలి దక్కన్‌లో పండదు. ఆ ఉప్పుని లోపలికి మోసింది ఎక్కువగా లంబాడీలు. బండ్ల మీద కాదు, ఎద్దుల వీపుల మీద. టాండా మొత్తం, ఆడామగా పిల్లాజెల్లా, మందతో పాటే నడిచేది. దానికి రోడ్డు అక్కర్లేదు, వంతెన అక్కర్లేదు. ఎద్దులు దారిలోనే మేస్తాయి కాబట్టి మేత ఖర్చూ లేదు. తిరుగు దారిలో ధాన్యమో పత్తో వేసుకొచ్చేవారు. రోజూ సాయంత్రం గోనెలు దించి తెల్లారి మళ్ళీ ఎక్కించాల్సిందే, నిజమే. కానీ ఆ పని చేసేది సరుకు సొంతదారే. ఇంకొకడికి కూలీ ఇచ్చేది లేదు, ఇంకొకడి చేతిలో తరుగు పోయేదీ లేదు. నత్తనడకైనా ఆ వ్యాపారం అన్నేళ్ళు నిలిచింది అందుకే.

రైలు ఏయే ఊళ్ళకి చేరిందో ఆయా ఊళ్ళలో వాళ్ళ బేరం పోయింది. బతుకుతెరువు పోయిన ఆ జనాన్నే తర్వాత కొన్నిచోట్ల బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం కిందికి తెచ్చింది. రవాణా చరిత్ర రాసేవాళ్ళు ఇంజన్ల ఫొటోలు వేస్తారు గానీ ఈ సంగతికి ఒక పేరా కూడా కేటాయించరు.

ఇక సముద్రం. మచిలీపట్నంలో ఇంగ్లీషు కంపెనీ 1611లోనే కొట్టు పెట్టింది. ఆ తీరంలో ఓడ ఒడ్డుకు రాలేదు. లోతు లేదు, ఇసుక మేట. ఓడ దూరంగా లంగరు వేసుకుంటే సరుకంతా పడవల్లో దించుకోవాలి. మన తీరంలో, మద్రాసులో ఈ పనికి వాడిన మసూలా పడవని గురించి చెప్పుకోవాలి. అందులో ఇనుప మేకు అన్నది ఉండదు. చెక్కల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టేస్తారు, సందుల్లో గడ్డి కూరుతారు. మేకులు కొట్టి బిగించిన పడవైతే ఒడ్డు దగ్గర విరిగిపడే అలలకి రెండు మూడు దెబ్బల్లో చెక్కలు విడిపోతాయి. కుట్టిన పడవ అల కొట్టినప్పుడు వంగి, మళ్ళీ సర్దుకుంటుంది. లోపలికి నీళ్ళు కారుతూనే ఉంటాయి, ఒకడు తోడిపోస్తూనే ఉంటాడు. దాని మీదే బట్టల బేళ్ళు, దాని మీదే దొరలూ దొరసానులూ. ఓడ వేల మైళ్ళు దాటొచ్చి ఆఖరి మైలు కోసం ఈ పడవవాళ్ళ దయ మీద ఆధారపడేది.

గోదావరి పాయ మీద ఉన్న కోరంగి పరిస్థితి కాస్త మెరుగు. అక్కడ ఓడలు కట్టేవారు, మరమ్మతు చేసేవారు. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి తుపాను ఉప్పెన ఊరిని ఊడ్చేసింది. మచిలీపట్నానికి 1864 నవంబరులో అదే గతి పట్టింది, సుమారు 30,000 మంది పోయారని లెక్క. అయితే ఈ రేవుల్ని తుపాన్లే చంపాయంటే నేను ఒప్పుకోను. తుపాను తర్వాత వ్యాపారికి లాభం కనిపిస్తే మళ్ళీ వచ్చి కొట్టు తెరుస్తాడు. ఒండ్రు పూడిక ఏటికేడు ఓడని ఒడ్డుకి దూరం చేసింది, పడవ కూలి పెరిగింది, బేరం కాకినాడకి జరిగిపోయింది. హోప్ ఐలాండ్ అడ్డంగా ఉండటంతో కాకినాడ నీళ్ళు నిలకడగా ఉంటాయి. అక్కడా ఓడ దూరంగానే నిలబడేది, కానీ బార్జీలు (సరుకు మోసే బల్లపరుపు పడవలు) భయం లేకుండా తిరిగేవి. 1861–65 మధ్య అమెరికా అంతర్యుద్ధం వల్ల మన పత్తికి గిరాకీ వచ్చినప్పుడు కాకినాడ దశ తిరిగింది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న, కాలువలూ రైలూ. ఇక్కడ కాటన్ దొర ప్రస్తావన రాకుండా పోదు. ఆయన్ని రైలు వ్యతిరేకి అంటారు. చిత్రమేమిటంటే దేశంలో మొట్టమొదట పట్టాలు వేయించినవాళ్ళలో ఆయన ఒకడు. 1837లో మద్రాసు దగ్గర రెడ్‌హిల్స్ నుంచి రోడ్లకి రాయి తేవడానికి పట్టాల దారి వేశారు. 1845లో ధవళేశ్వరంలో ఆనకట్టకి రాయి మోయడానికి మళ్ళీ పట్టాలు. బొంబాయి–ఠాణా రైలు 1853లో గానీ రాలేదు. అంటే పట్టాల సంగతి తెలిసే ఆయన కాలువ వైపు నిలబడ్డాడు.

ఆనకట్ట 1852కి పూర్తయింది. కాలువల్ని పొలాలకి నీళ్ళివ్వడానికే కాకుండా పడవలు నడవడానికి తగ్గట్టు, లాకులతో సహా కట్టారు. లాకు పనిచేయడం చూడనివాళ్ళ కోసం: పై కాలువకీ కింది కాలువకీ మధ్య రెండు జతల తలుపులున్న గది అది. పడవ కింది నుంచి లోపలికి రాగానే వెనక తలుపులు మూసేస్తారు. లస్కర్లు (లాకు పనివాళ్ళు) తూము తెరిస్తే పైనీళ్ళు లోపలికొచ్చి పడవ గోడ పక్కనే మెల్లగా పైకి లేస్తుంది. రెండువైపులా మట్టం సమానం కాగానే ముందు తలుపులు వాటంతట అవే వదులవుతాయి, దూలం పట్టి నెట్టేస్తారు. సరుకుని ముట్టుకునే పనే లేదు. ఆ తర్వాత గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ కాకపోతే నడుముకో భుజానికో తాడు కట్టుకుని ఇద్దరు ముగ్గురు గట్టు మీద లాగుతూ నడుస్తారు. టన్నుల బరువుకి అంతే మంది చాలు.

1872లో బ్రిటిషు పార్లమెంటు కమిటీ ముందు కాటన్ వాదించింది ఇదే. టన్ను సరుకు మైలు దూరం మోయడానికి నీటి మీద అయ్యే ఖర్చు రైలు ఖర్చులో చాలా చిన్న భాగం. పైగా రైలు కంపెనీల పెట్టుబడికి ఏటా 5 శాతం రాబడి ఖాయమని ప్రభుత్వం హామీ ఇచ్చింది. నష్టమొస్తే మన పన్నుల డబ్బులోంచి కట్టేవారు. నష్టం తనది కానప్పుడు ఏ కంపెనీ పొదుపుగా కడుతుంది? నిజాం రాజ్యంలోనూ ఈ గొడవ వచ్చింది. 1883లో చాందా (ఇప్పటి చంద్రపూర్) రైలు ఒప్పందం వివరాలు జనం ముందు పెట్టమని అడిగినవాళ్ళలో ముందున్న అఘోరనాథ్ చట్టోపాధ్యాయని, అంటే సరోజినీ నాయుడి తండ్రిని, హైదరాబాదు నుంచి వెళ్ళగొట్టారు.

మైలు ఖర్చు విషయంలో కాటన్ లెక్క సరైనదే. కానీ ఆయన సొంత ప్రాజెక్టే ఆ లెక్క చాలదని చూపించింది. నాగపూర్, బేరార్ పత్తిని గోదావరి మీదుగా కోస్తాకి దించాలని ఎగువ గోదావరి పనులు చేపట్టారు. నది మధ్యలో మూడు చోట్ల రాతి అడ్డంకులు. మొదటిది భద్రాచలం పైన దుమ్ముగూడెం దగ్గర. అక్కడ ఆనకట్ట, పక్క కాలువ, లాకులు కట్టారు. మిగతా చోట్ల సరుకు దించి మళ్ళీ ఎక్కించుకోవాల్సిందే. అదీ నదిలో నీళ్ళున్న నెలల్లోనే. ఈ లోపు 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది. పత్తి బేలు అక్కడ ఒకసారి బండెక్కితే బొంబాయిలోనే దిగుతుంది. ఇక గోదావరి దారి ఎవడికి కావాలి? 1871లో పనులు ఆపేశారు. దుమ్ముగూడెం వెళ్తే ఆ పాత లాకు కట్టడం ఇప్పటికీ కనిపిస్తుంది.

అలాగని డెల్టా కాలువల్లో పడవలు రైలు రాగానే మాయమైపోలేదు. ఇక్కడే పాఠ్యపుస్తకం తప్పు చెబుతుంది. మద్రాసు నుంచి ఉత్తరంగా 1806లో మొదలుపెట్టిన కాలువ కొంచెం కొంచెంగా పొడిగించుకుంటూ వచ్చారు. 1876–78 ధాత కరువులో కూలికి వచ్చిన జనంతో మధ్యలో మిగిలిన ముక్కలు తవ్వించారు, గవర్నరు పేరు మీద అది బకింగ్‌హాం కాలువ అయింది. ఉత్తరాన పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువతో కలిసి, అక్కడి నుంచి కృష్ణ, ఏలూరు కాలువ, గోదావరి మీదుగా కాకినాడ దాకా ఒకటే నీటి దారి. బెజవాడ–మద్రాసు రైలు 1899లో దాని పక్కనే వచ్చింది. ఆ తర్వాత కూడా అరవై ఏళ్ళకి పైగా పడవలు నడిచాయి! ఏం మోశాయి? సర్వీ కట్టెలు, ఉప్పు, ధాన్యం. సర్వీ తోట కాలువ గట్టునే ఉంటుంది, ఉప్పు మడి కాలువ గట్టునే ఉంటుంది, మద్రాసులో కట్టెల అడితీ కూడా కాలువ గట్టునే. ఎక్కించడం ఒకసారి, దించడం ఒకసారి. దాని ముందు రైలు ఆటలు సాగలేదు.

ఆ కాలువని చివరికి పడగొట్టింది వేరే సంగతులు. పూడిక తీయడం మానేశారు. రోడ్డు వంతెనలు కాలువ మీద ఇంత కిందుగా కట్టారంటే తెరచాప కొయ్య కాదు కదా, నిలబడ్డ మనిషే పట్టడు. 1965, 66 తుపాన్లు గట్లు తెంపేశాయి. ఇళ్ళలో కట్టెల పొయ్యిలు తగ్గుతూ వచ్చాయి. లారీ వచ్చి తోటలోకే వెళ్ళి నిలబడింది.

రైలు విషయానికొస్తే, అది గెలిచిన చోటా ఓడిన చోటా కారణం అదే. నిజాం రైలు 1874లో సికింద్రాబాదు నుంచి వాడి అనే జంక్షన్ దాకా వచ్చి బొంబాయి–మద్రాసు లైనులో కలిసింది. 1889కి తూర్పున బెజవాడ చేరింది. దారిలో ఇల్లెందు బొగ్గు తగిలింది. బొగ్గుని ఎద్దుల మీద మోయలేరు, కాలువ అక్కడ లేదు, కాబట్టి పోటీయే లేదు. కోస్తా వెంబడి లైను 1893 నుంచి తెరుచుకుంటూ వచ్చింది, కానీ గోదావరి దగ్గర ఆగిపోయింది. రాజమండ్రిలో రైలు దిగి, నది మీద ఫెర్రీ ఎక్కి, కొవ్వూరులో ఇంకో రైలు పట్టుకోవాలి. వానాకాలం గోదావరి సంగతి తెలిసినవాళ్ళకి ఆ మాటలో ఎంత ఉందో అర్థమవుతుంది. 1897లో వంతెన పని మొదలై 1900 ఆగస్టు 30న రైలు దాటింది. ఒక్కోటి 150 అడుగుల చొప్పున 56 ఖానాలు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య అంతరాలు. నూరేళ్ళకి కొంచెం తక్కువగా, 1997 దాకా రైళ్ళు మోసిన హేవ్‌లాక్ వంతెన అదే. దాని వల్ల రైలు వేగం పెరగలేదు, ఒక దించుడూ ఒక ఎక్కించుడూ పోయాయి, అంతే. ఆ అంతేలోనే కలకత్తా–మద్రాసు సరుకు వ్యాపారం ఉంది.

అదే రైల్వే ఇంకోవైపు తన కాలు తానే నరుక్కుంది. గేజీల గోల చెబుతున్నాను, గేజ్ అంటే రెండు పట్టాల మధ్య ఎడం. మొదట వేసిన లైన్లు బ్రాడ్ గేజ్, 1,676 మిల్లీమీటర్లు. 1870ల నుంచి డబ్బు మిగుల్చుకోవడానికి 1,000 మిల్లీమీటర్ల మీటర్ గేజ్ కూడా మొదలుపెట్టారు. గుంతకల్లులో ఉత్తరం–దక్షిణం లైను బ్రాడ్, తూర్పు–పడమర లైను మీటర్. హైదరాబాదులో వాడి వైపు, బెజవాడ వైపు బ్రాడ్, కాచిగూడ నుంచి మన్మాడ్ వైపు మీటర్. రెండు గేజీలు కలిసిన ప్రతి చోటా ఒక ట్రాన్స్‌షిప్‌మెంట్ షెడ్డు.

ఆ షెడ్డు ఎలా ఉండేదో చెబుతాను. మధ్యలో పొడుగాటి ప్లాట్‌ఫారం, ఒక పక్క చిన్న వ్యాగన్లు, ఇంకో పక్క పెద్ద వ్యాగన్లు. రెండు తలుపుల మధ్య హమాలీలు వరసగా, వీపు మీద బస్తా, చేతిలో కొక్కెం. కొక్కెం దిగిన ప్రతి బస్తాకీ ఒక కన్నం. సాయంత్రానికి ప్లాట్‌ఫారం మీద బియ్యం, కందులు, పంచదార కలిసి ఊడ్చుకునేంత పోగయ్యేది. చిన్న వ్యాగన్‌లో పట్టేది తక్కువ, పెద్ద దానిలో ఎక్కువ. అందుకని రెండు చిన్న వ్యాగన్ల సరుకు ఒక పెద్ద దానిలో నింపితే కొన్ని బస్తాలు మిగిలిపోతాయి. ఆ మిగిలినవి ఇంకో పార్టీ సరుకుతో కలిసి ఇంకో రోజు బయల్దేరతాయి. గుంటూరు మిర్చి అస్సాం వైపు, బెల్లం ఎటో. ఎండాకాలం బెల్లం దిమ్మలు కారి కింద ఉన్న సిమెంటు బస్తాల మీద పడ్డ రోజు మా క్లెయిముల గుమాస్తా మొహం చూడాలి. కాగితాల మీద బస్తాల లెక్క కుదరదు, వ్యాపారి "మీవాళ్ళే తిన్నారు" అంటాడు, మేము "ప్యాకింగ్ బాలేదు" అని రాస్తాం. రైలు ఎంత వేగంగా పరిగెత్తినా ఆ షెడ్డులో పోయిన నాలుగు రోజులు ఎవరూ తిరిగి తేలేరు. 1992లో అన్నీ ఒకే గేజీకి మార్చే పని మొదలుపెట్టారు. అప్పటికే చాలామంది వ్యాపారులు రైలు ముఖం చూడటం మానేశారు.

లారీ గెలిచింది ఇక్కడే. మిర్చి వ్యాపారి లెక్క వేసుకున్నాడు. యార్డులో బండికెత్తాలి, షెడ్డులో దించాలి, వ్యాగన్‌లోకి ఎక్కించాలి, గేజీ మారే చోట దించి ఎక్కించాలి, అవతలి స్టేషన్లో దించాలి, మళ్ళీ బండికెత్తి కొట్టు ముందు దించాలి. లారీ అయితే యార్డులో ఎక్కించడం, కొట్టు ముందు దించడం. కిరాయి ఎక్కువైనా మొత్తం మీద మిగులు. పైగా 1980ల నుంచి రైల్వే ఒకటి రెండు వ్యాగన్ల చిల్లర సరుకు వద్దనుకుని, మొత్తం రేకు (ఒక గూడ్స్ రైలుకి సరిపడా వ్యాగన్ల వరస) నింపగలిగినవాళ్ళనే ఆదరించడం మొదలుపెట్టింది. బొగ్గుకి, సిమెంటుకి, ఎరువులకి అది మంచిదే. చిన్న వ్యాపారిని మాత్రం మేమే చేయిపట్టుకుని విజయవాడ లారీ ఆఫీసుల దగ్గర వదిలిపెట్టి వచ్చినట్టయింది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశంలో సరుకు రవాణాలో పదింట ఎనిమిది వంతులకి పైగా రైలుదే. ఇప్పుడు మూడో వంతు కూడా లేదు.

రోడ్డునీ రైలునీ పోటీకి వదలకుండా ఒకే చేతికింద నడిపిన ప్రయోగం మన దగ్గరే జరిగింది. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేని కంపెనీ నుంచి కొనేసింది. 1932 జూన్‌లో ఆ రైల్వేశాఖే 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. బ్రిటిషు ఇండియాలో ఆ రోజుల్లో ప్రైవేటు బస్సులు రైలు పక్కనే పరిగెత్తి ప్యాసింజర్లని లాక్కుంటున్నాయని రైలు కంపెనీలు మొత్తుకునేవి, 1939 మోటారు వాహనాల చట్టం వెనక ఆ మొర కూడా ఉంది. హైదరాబాదులో ఆ గొడవ లేదు. బస్సు లాభమూ రైలు లాభమూ ఒకే పద్దులోకి వస్తాయి కాబట్టి రైలు లేని ఊళ్ళ జనాన్ని బస్సు స్టేషనుకి తెచ్చి వదలొచ్చు. తర్వాత ఈ రెండూ వేర్వేరు శాఖలైపోయాయి. అది పరిపాలనకి సుఖం, ప్రయాణికుడికి కష్టం. ఎన్ని ఊళ్ళలో బస్టాండు ఒక మూల, స్టేషను ఇంకో మూల ఉన్నాయో మీరే లెక్కపెట్టుకోండి.

సముద్రం దగ్గరికి మళ్ళీ రావాలి, ఎందుకంటే విశాఖ కథ లేకుండా ఇది పూర్తవదు. 1933 దాకా విశాఖలోనూ ఓడ బయటే నిలబడేది. మధ్యపరగణాల మాంగనీసుని ఎగుమతి చేయడానికి రాయపూర్–విజయనగరం రైలు వేసి, డాల్ఫిన్ నోస్ కొండ చాటున హార్బరు తవ్వారు. ఇసుక కొట్టుకొచ్చి ముఖద్వారం మూసుకుపోకుండా జానస్, విల్లింగ్‌డన్ అనే రెండు పాత ఓడల్ని తెచ్చి రాళ్ళు నింపి ముంచేశారు. అవే అడ్డుగోడ. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ జలదుర్గ లోపలికొచ్చి ఒడ్డునానుకుని నిలబడింది. వ్యాగన్ ఓడ పక్కకే వెళ్తుంది, మధ్యలో పడవ లేదు. మచిలీపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల భవిష్యత్తు ఆ రోజే తేలిపోయింది. తర్వాత 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజం జపానుకి పంపడానికి 58 సొరంగాలతో కొత్తవలస–కిరండూల్ లైను వచ్చింది. ఆ ఖనిజాన్ని మనిషి చేత్తో ముట్టుకోడు. టిప్లరు అనే యంత్రం వ్యాగన్‌ని పట్టి బోర్లించేస్తుంది, బెల్టు తీసుకెళ్ళి ఓడలో పోస్తుంది.

ప్రపంచమంతా ఇదే దారిలో నడిచింది. 1956లో అమెరికాలో మాల్కం మెక్‌లీన్ అనే లారీల వ్యాపారి 58 ఇనుప పెట్టెల్ని ఓడెక్కించి నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కి పంపాడు. విడి సరుకుని చేతులతో ఓడలోకి ఎక్కించడానికి అప్పట్లో టన్నుకి 5 డాలర్లు దాటేది, పెట్టెలో అది 16 సెంట్లకి పడింది. ఓడ వేగం ఏం మారలేదు. విశాఖలో కంటైనర్ టెర్మినల్ 2003లో వచ్చింది. కానీ కాకినాడ యాంకరేజి పోర్టుకి వెళ్ళి చూడండి, ఇవాళ్టికీ బియ్యం బస్తాలు బార్జీల్లో వెళ్ళి దూరంగా నిలబడ్డ ఓడలోకి ఎక్కుతాయి. అదెలా బతికిందంటారా? బియ్యం పండే చోటు, మిల్లు, రేవు అన్నీ దగ్గరదగ్గరే. పాత కాలువ బతికిన లెక్కే ఇదీ.

ఇక మనుషులు. మనిషి తనంతట తానే దిగి తానే ఎక్కుతాడు, కన్నాలు పడడు, తరుగు రాడు. కాబట్టి ఇక్కడ వేగం నిజంగానే పనిచేస్తుంది. అయినా ప్రయాణికుల ఓడల్ని విమానమే మింగేసిందన్న మాట మన విషయంలో నిజం కాదు. తెలుగువాళ్ళకి పెద్ద ఓడ ప్రయాణం అంటే రంగూన్. విశాఖ, కాకినాడ, భీమిలి రేవుల నుంచి స్టీమర్లలో డెక్కు మీద కూర్చుని వెళ్ళి రైసు మిల్లుల్లో, రేవుల్లో పనిచేసేవారు. రంగూన్ రేవులో బస్తాలు మోసింది చాలావరకు మనవాళ్ళే. 1930 మే నెలలో ఆ తెలుగు కూలీలు సమ్మె చేస్తే వాళ్ళ స్థానంలో బర్మావాళ్ళని పెట్టుకున్నారు. సమ్మె తేలగానే వాళ్ళని పొమ్మన్నారు, దాంతో రంగూన్‌లో ఘోరమైన అల్లర్లు జరిగాయి. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాయి, 1942 మార్చిలో రంగూన్ వాళ్ళ చేతికి పోయింది. ఓడ దొరకని లక్షలమంది భారతీయులు కొండలూ అడవులూ దాటి నడిచొచ్చారు. ఆ ఓడల దారిని మూసింది యుద్ధం. అప్పటికి మామూలు మనిషి విమానాన్ని ఆకాశంలో చూడటమే తప్ప ఎక్కింది లేదు.

విమానం మొదట పోటీపడింది ఉత్తరాలతో. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహ్మదాబాదు మీదుగా బొంబాయికి టపా తెచ్చాడు. అక్కడి నుంచి నెవిల్ విన్సెంట్ బళ్ళారిలో ఆగి మద్రాసు చేరాడు. అహ్మదాబాదులో ఆ విమానానికి పెట్రోలు డబ్బాలు ఎడ్లబండి మీద వచ్చాయి. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి బేగంపేట కేంద్రంగా దక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు, 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. సరుకులో విమానం వాటా బరువుని బట్టి చూస్తే ఎప్పుడూ పిసరంతే. మందులు, రొయ్య పిల్లలు, పూలు, యంత్రాల విడిభాగాలు లాంటి వాటికి మాత్రం టైము నిజంగానే డబ్బు, అవే విమానమెక్కుతాయి. అండమాన్‌కి విశాఖ నుంచి ఇప్పటికీ ఓడ ఉంది, సామాను ఎక్కువున్నవాళ్ళు అందులోనే వెళ్తారు.

చివరి ప్రశ్న, జలమార్గం. కాకినాడ–పుదుచ్చేరి కాలువలు, గోదావరిలో భద్రాచలం–రాజమండ్రి, కృష్ణలో వజీరాబాద్–విజయవాడ ముక్కలు కలిపి 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు, మొత్తం వెయ్యి కిలోమీటర్లకి పైగా. 2017లో కృష్ణ మీద ముక్త్యాల–విజయవాడ ముక్కలో పనులు మొదలుపెట్టారు.

నా అభిప్రాయం అడిగితే, మొత్తం పొడవునా బార్జీలు నడుస్తాయన్న మాట నేను నమ్మను. బకింగ్‌హాం కాలువ చెన్నైలో మురుగు కాలువైపోయింది, దాని మీద నగర రైలు స్తంభాలు నిలబడ్డాయి. డెల్టా కాలువల మీద ఉన్న కిందు వంతెనలన్నీ ఎత్తాలి. వేసవిలో కాలువలు కట్టేస్తారు, ఆ నెలల్లో సరుకు ఎక్కడికి పోవాలి? పంటకి నీళ్ళు చాలని ఏడాది పడవకి నీళ్ళొదులుతారా? రైతు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా.

ముక్త్యాల–విజయవాడ లాంటి చిన్న ముక్కకి మాత్రం అవకాశం ఉంది. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, కింద విజయవాడ వైపు కట్టుబడి పనులున్నాయి. కానీ ఫ్యాక్టరీ నుంచి నదికి లారీ, నది నుంచి బార్జీ, విజయవాడలో మళ్ళీ లారీ అంటే నాలుగు చోట్ల చెయ్యి మారుతుంది, అంత దగ్గరి దూరానికి లారీయే నేరుగా సైటుకి వెళ్ళిపోతుంది. ఫ్యాక్టరీ గోడ దగ్గర నుంచి బెల్టు మీద సరుకు బార్జీలోకి పడేలా రేవు కడితే, అవతల దిగే చోట సిమెంటు గోడౌన్ నది ఒడ్డునే ఉంటే అప్పుడు లెక్క కుదరొచ్చు. మీరు ఆ ప్రాజెక్టు కాగితాలు చదివితే బార్జీల సంఖ్య, కాలువ లోతు పక్కన పెట్టి ముందు రేవుల నక్షా చూడండి. ఒడ్డుకీ ఫ్యాక్టరీకీ మధ్య దూరం ఎంత, అక్కడ సరుకుని ఎవరు ఎత్తుతారు, ఎన్నిసార్లు ఎత్తుతారు అన్నది ఆ కాగితంలో లేకపోతే మిగతా పేజీలు తిప్పక్కర్లేదు.